చదవడానికి కాని అక్షరాలు

మొన్నామధ్య మా మనవరాలిని వెంటబెట్టుకుని చోళమండలం వెళ్ళాను. తిరువాన్మియూరు దాటి మహాబలిపురం దారిన పోతే ఈంజంబాక్కం వస్తుంది. చిత్రకారులే కట్టుకున్న ఊరు అది. మద్రాసు చిత్రకారుల పటాలూ శిల్పాలూ భద్రపరచిన ప్రదర్శనశాల ఒకటి 2009 నుంచి అక్కడ నడుస్తున్నది. ఎండకు భయపడి లోపలికి దూరినవాళ్ళం గంటసేపు ఉండిపోయాము. కె.సి.ఎస్. పణిక్కర్ పటం ఒకదాని ముందు పిల్ల ఆగిపోయింది. పటం నిండా చీమల బారుల్లా అక్షరాల వరుసలు. మధ్యమధ్య గళ్ళు, చక్రాలు, ఏవో గుర్తులు.

"తాతా, ఇది తెలుగా?" అని అడిగింది.

"కాదమ్మా, మలయాళం లాంటిది."

"ఏమని రాసుంది?"

"ఏమనీ లేదు. చదవడానికి రాసింది కాదది."

పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే నీ పుస్తకం లాంటిదే" అన్నది. నా పుస్తకమంటే నెలనెలా నా బల్ల మీద ఉండే తెలుగు పత్రిక. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్ల, బడిలో తెలుగు లేదు గనుక అక్షరం ముక్క రాదు. మొదట నవ్వాను. ఇంటికి వచ్చిన తరువాత ఆ మాట ముల్లులా గుచ్చుకోవడం మొదలుపెట్టింది. చదవడానికి కాని అక్షరాలు ఒక చిత్రకారుడు ఎందుకు రాశాడు? అదే స్థితి మన పిల్లలకు ఎట్లా వచ్చింది? ఈ రెండూ ఒకటేనా? ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ పోతే ఈ పట్నంలో నూట డెబ్భై ఏళ్ళుగా నడిచిన ఒక కథ బయటపడుతుంది. అందులో మనవాళ్ళ పాలు కూడా తక్కువేమీ కాదు.

నిన్నటి తెగింపే నేటి మూస

దేవుడి పటం అనగానే మన కళ్ళ ముందుకు వచ్చే రూపం ఒకటున్నది. తామరపువ్వు మీద నిలబడ్డ లక్ష్మి, రాతి మీద కూర్చుని వీణ మీటే సరస్వతి, వెనక కొండలు, నీళ్ళు. ఇది అనాదిగా వస్తున్న రూపమని మనలో చాలామంది నమ్మకం. దీని వయసు నూట యాభై ఏళ్ళకు అటూ ఇటూ మాత్రమే. దీన్ని మనకిచ్చినవాడు రాజా రవివర్మ (1848-1906).

అంతకు ముందు దక్షిణాదిన పేరుపొందినవి తంజావూరు పటాలు. వాటిని వేసిన కుటుంబాలలో ముఖ్యమైనవారు రాజులు. విజయనగరం కాలంలో తెలుగు సీమ నుంచి తరలివచ్చిన కుటుంబాలవి. 1532 నుంచి 1673 వరకు తంజావూరును ఏలిన నాయకులు తెలుగువారు. ఆ తరువాత కొలువు మరాఠీల చేతికి వెళ్ళినా కుంచె పట్టినవాళ్ళు ఊరు విడువలేదు. చెక్క పలక మీద గుడ్డ అంటించి, సుద్దా బంకా కలిపి నగలూ మంటపాలూ ఉబ్బెత్తుగా తీర్చి, బంగారు రేకు అద్ది, రాళ్ళు పొదిగి పటం కట్టేవారు. అందులో వెన్న తినే కృష్ణుడు పటమంతా నిండి ఉంటాడు. యశోద అతని పక్కన చిన్నది. కొలతలు తెలియక అట్లా వేశారనుకుంటే పొరపాటు. ఎవరు ముఖ్యులో వారు పెద్దగా ఉండాలన్నది ఆ పటాల వ్యాకరణం.

రవివర్మ ఆ వ్యాకరణాన్ని తోసిరాజన్నాడు. తిరువాన్కూరు ఆస్థానంలో రామస్వామి నాయుడి పనితనం గమనించి, పరదేశపు చిత్రకారుల నూనెరంగుల పద్ధతి చూసి చూసి పట్టుకుని, దేవుళ్ళను మనుషుల కొలతలోకి దించాడు. వెలుగు ఒక వైపు నుంచి పడుతుంది, నీడ ఇంకో వైపు వాలుతుంది, చీర మడతలు మడతల్లాగే ఉంటాయి. 1870లలో మద్రాసులో జరిగిన ప్రదర్శనలో ఆయన పటానికి బహుమతి వచ్చింది. 1894లో బొంబాయిలో అచ్చుకూటం పెట్టిన తరువాత ఆ దేవుళ్ళు కొద్ది డబ్బులకే ఇంటింటికీ చేరారు. గుడి గడప తొక్కనివ్వని వారి ఇంటి గోడ మీదికి కూడా దేవుడు వచ్చి నిలిచాడు. పటం వేసే తీరు మారితే దేవుడికీ మనిషికీ మధ్య ఉన్న దూరం మారింది. కొత్త అర్థమంటే ఇదే.

కాని మూడు తరాలు గడిచేసరికి ఆ తెగింపే క్యాలెండరు బొమ్మ అయి కూర్చున్నది. అందరూ అట్లాగే వేశారు, అట్లాగే వేయాలన్నారు. తెగింపుల గతి ఎప్పుడూ ఇంతే. ఈసారి ఆ మూసను పగలగొట్టే పని మన పట్నంలో మొదలైంది.

పూనమల్లి హైరోడ్డు బడి

ఎగ్మూరు దగ్గర పూనమల్లి హైరోడ్డు మీద చిత్రకళా కళాశాల మీలో చాలామంది చూసే ఉంటారు. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే ఇంగ్లీషు ప్రభుత్వపు వైద్యుడు దాన్ని సొంతంగా మొదలుపెట్టాడు. రెండేళ్ళకు సర్కారు తన కిందికి తీసుకున్నది. అక్కడ చిత్రకారులను తయారుచేయాలన్నది అప్పటి ఉద్దేశం కాదు. కొలత ప్రకారం గీయగల పనివాళ్ళు, నమూనాలు దింపగల చేతులు కావాలి. 1884లో అధిపతిగా వచ్చిన ఇ.బి. హావెల్ ఈ దేశపు చేతిపనుల విలువ గుర్తించినవాడు. ఆయన తరువాత కలకత్తా వెళ్ళి అవనీంద్రనాథ్ టాగూరుకు అండగా నిలిచాడు.

1929లో ఆ బడికి తొలి భారతీయ అధిపతిగా దేవీప్రసాద్ రాయ్ చౌధురి వచ్చారు. చిత్రలేఖనంలో అవనీంద్రుని శిష్యుడు, శిల్పంలో యూరపు పద్ధతి ఒంటబట్టించుకున్నవాడు. మెరీనా బీచిలో నలుగురు కూలీలు ఒక బండను కదిలిస్తున్న కంచు విగ్రహం, శ్రమ విజయం, ఆయనదే. 1959లో నిలబెట్టారు.

దాని పక్కన మరొక విగ్రహాన్ని తలుచుకుంటే గాని అందులోని తెగింపు తెలియదు. ఐలెండు మైదానం దగ్గర సర్ తామస్ మన్రో గుర్రమెక్కి కూర్చుని ఉంటాడు. దత్తమండలాల కలెక్టరుగా మన రాయలసీమ వారి నోళ్ళలో నిలిచిన మన్రోయే. 1839 నాటి విగ్రహం. ఎత్తైన దిమ్మ, దాని మీద గుర్రం, గుర్రం మీద దొర. విగ్రహమంటే అదీ మర్యాద. పెట్టించుకునేవాడికి పేరుండాలి, పదవి ఉండాలి. రాయ్ చౌధురి అదే కంచు, అదే పనితనం పట్టుకుని పేరులేని నలుగురు కూలీలను సముద్రానికి ఎదురుగా నిలబెట్టారు. వారి ముఖాల కంటే వెన్నులూ పిక్కలూ ఎక్కువ మాట్లాడతాయి. ఆ దిమ్మ మీద ఎవరు ఉండవచ్చు అన్న ప్రశ్నకు ఈ పట్నం చెప్పుకున్న కొత్త జవాబు అది.

అయితే ఆ మార్పు విషయంలో వచ్చినదే. కండ కండలాగే, రాయి రాయిలాగే ఉన్నవి. రూపాన్నే మార్చే పని ఆయన శిష్యుల వంతుకు వచ్చింది.

నాగలాపురం బొమ్మలు

ఆ శిష్యులలో మనం మరచిపోకూడని పేరు కె. శ్రీనివాసులు (1923-1994). బాల్యం చిత్తూరు జిల్లా నాగలాపురంలో గడిచింది. ఈ బడిలో రాయ్ చౌధురి దగ్గర చదువుకుని, కళాక్షేత్రంలో చిత్రకళ నేర్పిన ఉపాధ్యాయుడు. బడిలో నేర్చుకున్నది నీడలూ వెలుగులూ, మనిషిని మనిషిలా దించడం. పెరిగిన ఊళ్ళో చూసినవి వేరు. తోలుబొమ్మలు, కొయ్యబొమ్మలు, ముగ్గులు, తిరునాళ్ళ రంగులు.

బెంగాలులో జామినీ రాయ్ (1887-1972) అప్పటికే ఒక పని చేసి చూపాడు. పెద్దమనుషుల చిత్తరువులు నూనెరంగుల్లో వేసి పేరు తెచ్చుకున్నవాడు, అది కట్టిపెట్టి పల్లెటూరి పటువాల గీతల దగ్గరికి వెళ్ళాడు. శ్రీనివాసులుకు ఆ దారి నచ్చింది. అయితే బెంగాలు పటాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే ఇంకొక మూస అవుతుంది. ఆయన తన తోలుబొమ్మల దగ్గరికి వెళ్ళారు. పదహారో శతాబ్దపు లేపాక్షి గుడి పైకప్పు మీది మనుషుల దగ్గరికి వెళ్ళారు. మొనదేలిన ముక్కు, విశాలమైన కన్ను, పక్కకు తిరిగిన ముఖం, చీర అంచుల అల్లిక. తంజావూరు పటాల రంగులనూ వదలలేదు. వీటన్నిటినీ పట్టుకుని బుట్టలమ్మే స్త్రీని, పల్లె వేడుకలను, పాటగాళ్ళను వేశారు.

తోలుబొమ్మకు నీడ ఉండదు, తానే నీడ. దానికి లోతు అక్కరలేదు, అంచు చాలు. ఆ అంచు గీతతో పల్లె మనిషిని వేసేసరికి ఏమైందంటే, అంతకు ముందు తెర మీద రాముడికీ సీతకూ చెల్లిన గౌరవం బుట్టలమ్మే మనిషికి దక్కింది. మెరీనాలో కంచుతో జరిగినది ఇక్కడ గీతతో జరిగింది. ఈసారి మారినది విషయం ఒక్కటే కాదు, చూసే పద్ధతి కూడా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సంప్రదాయాన్ని తెంచడమంటే పాతదాన్ని పారేయడమని మనవాళ్ళలో ఒక అపోహ ఉన్నది. శ్రీనివాసులు తెంచుకున్నది కాలేజీ సంప్రదాయాన్ని. అందుకు ఆయనకు సాయపడినది ఇంకా పాతదైన, ఎవరూ కళగా లెక్కపెట్టని ఇంటి సంప్రదాయం.

లెక్కల నోటుపుస్తకం

పణిక్కర్ కథ మరీ విచిత్రమైనది. 1911లో కోయంబత్తూరులో పుట్టిన మలయాళీ. ఇంటి బరువు మీద పడగా తంతి శాఖలో ఉద్యోగం చేసి, 25 ఏళ్ళ వయసులో, 1936లో, రాయ్ చౌధురి బడిలో విద్యార్థిగా చేరాడు. 1944లో తోటివారితో కలిసి ప్రోగ్రెసివ్ పెయింటర్స్ అసోసియేషన్ స్థాపించాడు. 1957లో గురువు కుర్చీలోనే ప్రిన్సిపాలుగా కూర్చున్నాడు. 1954లో యూరపులో తన పటాలు ప్రదర్శించి వచ్చిన తరువాత ఒక ప్రశ్న ఆయనను వదలలేదు. ఇంగ్లీషు బడి పాఠం వదిలేశాము సరే, పారిస్ పాఠం వల్లె వేస్తే మనది అవుతుందా? అట్లాగని అజంతాను వల్లె వేస్తే మనది అవుతుందా?

జవాబు ఒక పిల్లవాడి లెక్కల పుస్తకంలో దొరికింది. 1963 ప్రాంతంలో ఒక విద్యార్థి నోటుపుస్తకం పేజీ ఆయన కంట బడింది. అంకెలు, బీజగణితపు అక్షరాలు, త్రికోణాలు, సున్నాలు, కొట్టివేతలు. లెక్క సంగతి పక్కన పెడితే ఆ పేజీ ఆయనకు చక్కని పటంలా కనిపించింది. 'పదాలు, చిహ్నాలు' అన్న పేరుతో ప్రసిద్ధమైన చిత్రమాల అక్కడ మొదలైంది. తొలి పటాల్లో రోమన్ అక్షరాలుండేవి. త్వరలోనే వాటిని వదలి తన మలయాళ లిపి వంపుల్లోకి వచ్చాడు. జాతకచక్రాల గళ్ళు వచ్చి చేరాయి. పటం కాస్తా ఎవరిదో జాతకం రాసిన తాళపత్రంలా తయారైంది. ఎంత దగ్గరికి వెళ్ళి చూసినా ఒక్క వాక్యం కూడదు.

ఇది వట్టి చమత్కారమా? నాకట్లా అనిపించదు. చదవలేని రాతకు మన బతుకులో ఎంత చోటున్నదో చూడండి. చంటిపిల్లల మొలతాటికి కట్టే తాయెత్తులో ఏం రాసున్నదో తల్లికి తెలియదు. దుకాణం గల్లాపెట్టె మీది రాగిరేకు యంత్రం యజమానికి చదవరాదు. తిరుమల గుడి గోడల మీది శాసనాల్లో అత్యధికం తమిళంలో ఉన్నవి. తెలుగు భక్తుడు వాటిని చదవలేడు, అయినా చేత్తో తడిమి కళ్ళకద్దుకుంటాడు. అర్థం తెలియకపోయినా ఇది ఎవరో శ్రద్ధగా, మన మేలు కోరి రాసినదన్న నమ్మకం ఉన్నదే, ఆ నమ్మకాన్ని పణిక్కర్ పటంలోకి తెచ్చాడు. అంతవరకు పటం అంటే ఏదో ఒకదాని బొమ్మ. చెట్టుదో, మనిషిదో, దేవుడిదో. ఇప్పుడది దేని బొమ్మా కాదు. మనం రాత ముందు నిలబడే తీరునే మనకు చూపించే అద్దం.

ఆయన శిష్యులు తలా ఒక దారి పట్టారు. ఆంధ్రదేశంలో పుట్టి ఇక్కడ స్థిరపడ్డ ఎం. రెడ్డెప్ప నాయుడు (1932-1999) నేత కళాకారుల సేవా కేంద్రంలో పనిచేస్తూనే దేవతల చిత్రమాల వేశారు. అందులో వినాయకుడు నాలుగు గీతల్లోకి ఒదిగిపోతాడు. క్యాలెండరులో కిరీటం, పీతాంబరం, పళ్ళెం నిండా కుడుములు ఉంటేనే వినాయకుడు. ఇక్కడ వంపు తిరిగిన తొండం గీత ఒక్కటి చాలు, చేయి తనంతట తానే నమస్కారానికి లేస్తుంది. శిల్పి పి.వి. జానకిరామ్ (1930-1995) రాగిరేకును సుత్తితో కొట్టి, తీగలు అతికి, ముందువైపు నుంచి మాత్రమే చూడదగ్గ ప్రతిమలు చేశారు. చుట్టూ తిరిగి చూడగలిగితేనే శిల్పమన్నది యూరపు పాఠం. కాని మన గుడిలో మూలవిరాట్టును ఎవరు చుట్టూ తిరిగి చూశారు? గర్భగుడి ముందు నిలబడి, కవచం తొడిగిన స్వామిని ఎదురుగా చూడటమే మనకు దర్శనం. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు ఈ బడి నుంచి 1962లో లండన్ స్లేడ్ స్కూలుకు వెళ్ళి, బొమ్మ అన్నదే లేని రంగుల దారిలో సాగిపోయారు.

పటాలు కొనేవారు లేని కాలమది. ఉద్యోగం చేస్తే కుంచెకు తీరిక లేదు, కుంచె పడితే కూడు లేదు. అందుకని పణిక్కరూ ఆయన శిష్యులూ బాతిక్ గుడ్డలూ చేతిపనులూ అమ్మి ఆ డబ్బుతో ఈంజంబాక్కంలో సుమారు పది ఎకరాల ఇసుకనేల కొన్నారు. 1966లో చోళమండలం వెలిసింది. కళ కోసం చేతిపనిని చిన్నచూపు చూసే రోజుల్లో, చేతిపనే కళకు ఇల్లు కట్టిపెట్టింది. పణిక్కర్ 1977లో కన్నుమూశారు. ఊరు నిలిచింది.

అదే పట్నంలో మరొక అక్షరం

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఇదే పట్నంలో, ప్రదర్శనశాలల ఊసు లేకుండా ఇంకొకరు తెలుగు అక్షరం మీద పనిచేస్తున్నారు. బాపు. నరసాపురం నుంచి వచ్చి, 1955లో మద్రాసు విశ్వవిద్యాలయంలో లా పట్టా పుచ్చుకుని, ఆ పట్టా పక్కన పెట్టి ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేయడానికి కుదిరారు. పత్రికల్లో కథకు బొమ్మ అంటే అప్పటిదాకా ఛాయలు దిద్దిన పటం. 1947 నుంచి ఈ ఊళ్ళోనే అచ్చయిన చందమామ మనకు అలవాటు చేసిన అందం అది. బాపు ఛాయలు తీసేసి గీతకు పని అప్పగించారు. ఎక్కడ గీయాలో ఎంత తెలుసో ఎక్కడ ఆపాలో అంతకంత తెలిసిన గీత. అదే గీత కథ పేరులోకి పాకింది. తలకట్టు ఎగిరింది, కొమ్ము సాగింది, సున్నా నవ్వింది. అక్షరం బొమ్మ అయింది, అయినా అక్షరంగానే మిగిలింది. ఆయన చేతిరాత కంప్యూటరు అక్షరాలై, ఈనాడు పెళ్ళి శుభలేఖల దాకా చేరింది. 2014లో ఈ చెన్నైలోనే ఆయన పోయారు.

పణిక్కర్ చేసినదీ బాపు చేసినదీ పక్కపక్కన పెట్టి చూస్తే మన సంగతి తేటపడుతుంది. ఒకరు అక్షరంలోని అర్థాన్ని తీసేసి ఆకారాన్ని నిలిపారు. ఇంకొకరు అర్థాన్ని ఉంచుకునే ఆకారానికి ప్రాణం పోశారు. ఇద్దరికీ తమ అక్షరం క్షుణ్ణంగా తెలుసు. మలయాళం చదవగలిగినవాడు గనుకనే పణిక్కర్ దాన్ని చదవనక్కరలేని రాతగా మార్చగలిగాడు. తోలుబొమ్మ తెలిసినవాడు గనుక శ్రీనివాసులు కాలేజీ పాఠాన్ని దాటగలిగాడు. తెంచడం తెలిసినవాడి స్వేచ్ఛ. తెలియనివాడి విషయంలో అది తెగిపోవడం మాత్రమే.

మా మనవరాలికి నా పత్రిక పణిక్కర్ పటంలా కనిపించడంలో ఆ పిల్ల తప్పు లేదు. ఏ తెగింపూ లేదు. తెలుగు లిపి ఆమెకు తాయెత్తు రాత అయింది, అంతే. ఇంట్లో గౌరవం ఉన్నది, తాతయ్య బల్ల మీద పదిలంగా ఉన్నది, చదవడానికి మాత్రం రాదు. తంజావూరు రాజులు నాలుగు వందల ఏళ్ళ కిందట పరాయి సీమకు వచ్చి కూడా తమ చేతిపనిని పిల్లల చేతికి అందించారు. మనం ఒక్క తరంలో యాభై ఆరు అక్షరాలను గోడ మీది పటం చేసి ఊరుకున్నాము. దానికి సర్కారును అనవచ్చు, బడిని అనవచ్చు. సాయంత్రం ఖాళీగా కూర్చునే తాతలను కూడా అనవచ్చు.

ఆ వేళ ఇంటికి వచ్చిన తరువాత పిల్ల నా పత్రిక అట్ట ముందు పెట్టుకుని, పణిక్కర్ చేసినట్లు చేస్తానని అక్షరాలను చూసి కాగితం మీద దించింది. పొరపాటు లేకుండా దించింది, వంపులు బాగా కుదిరాయి. ప్రతి అక్షరం నెత్తిన చిన్న రెక్కలు పెట్టింది.

"ఈ రెక్కలెందుకు తాతా అన్నిటికీ?" అన్నది.

"రెక్కలు కావమ్మా, తలకట్టు" అన్నాను.

"అంటే?"

అక్కడినుంచి మొదలుపెట్టాము.